పిల్లల ఇంటికి తొలి పక్షి: ఆశ్రితరక్షణ దృష్టితో ఒక విచారణ

సాగర్ ఎడమ కాలువ నీటితో పచ్చబడిన గ్రామాలలో, గరిడేపల్లి మొదలుకొని ఇటు కోదాడ వరకు, అటు మిర్యాలగూడ వరకు, మాఘఫాల్గుణాలు రామచిలుకలు గుడ్లు పొదిగే కాలం. తల తెగిన తాటిమోడు, వయసు మళ్లిన రావిచెట్టు తొర్ర వాటికి సూతికాగృహాలు. రెక్కలు ఇంకా రాని పిల్లలను ఆ తొర్రలలోంచి తీసి సంచిలో వేసుకుని వచ్చేవారు కూడా ఆ కాలంలోనే కనబడతారు. ఇంట్లో బాలుడు ముచ్చటపడతాడు. తండ్రి కొంచెం సందేహిస్తాడు. ఇంటి పెద్దావిడ మాత్రం "రామచిలుక ఇంట్లో ఉంటే శుభం నాయనా, రామనామం నేర్పుకోవచ్చు" అంటుంది. అంతటితో విచారణ ముగిసిపోతుంది, పంజరం దూలానికి వేలాడుతుంది.

భక్తి పేరుతో జరిగే ఈ కార్యం ధర్మసమ్మతమేనా అన్న ప్రశ్న అడిగేవారు అరుదు. పిల్లలున్న ఇంటికి తొలిసారి ఒక పక్షిని తేవాలనుకునే గృహస్థు రంగును, కంఠాన్ని, వెలను విచారిస్తాడు. అంతకన్న ముందు విచారించవలసినది వేరొకటి ఉంది. వాక్కు లేని ఒక ప్రాణిని ఇంటికి తేవడమంటే ఆశ్రితరక్షణ అనే వ్రతాన్ని స్వీకరించడం. వ్రతానికి అధికారి ఎవరు, కాలావధి ఎంత, నియమాలేవి అని తెలియకుండా సంకల్పం చెప్పుకోవడం ఎవరికీ తగదు.

రామచిలుక విషయంలో ఈ ప్రాంతం వారికి వేరే ఉపదేశం అక్కరలేదు. కోదాడకు పొరుగే అనదగిన నేలకొండపల్లి కంచర్ల గోపన్న పుట్టిన ఊరు. భద్రాద్రి రామునికి ఆలయం కట్టించి గోల్కొండలో చెర అనుభవించిన ఆ భక్తరామదాసు కథను హరికథకులు చెప్పేటప్పుడు, అంతటి భక్తునికి పన్నెండేళ్ల కారాగారం ఎందుకు ప్రాప్తించిందన్న సందేహానికి ఒక సమాధానం చెబుతారు: పూర్వజన్మలో ఆయన ఒక చిలుకను పంజరంలో ఉంచి పెంచాడట. ఇది చరిత్ర కాదు, జనశ్రుతి. అయినా జనశ్రుతికి ఒక ప్రామాణ్యం ఉంది. ఒక సమాజం దేనిని పాపంగా ఎంచిందో అది చెబుతుంది. ఆ కథ చెప్పేవారెవరూ ఆయన చిలుకను ఆకలితో మాడ్చాడని చెప్పరు. ప్రేమతోనే, పండ్లు పెట్టే పెంచాడంటారు. ఆ ప్రేమ కర్మఫలాన్ని ఆపలేకపోయిందన్నదే అందులోని విశేషం. రామదాసు కీర్తనలు పాడుకునే ఇంటి వసారాలోనే చిలుకపంజరం ఊగుతూ ఉండడం చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

రాజశాసనం కూడా ఇక్కడ ధర్మంతో ఏకీభవించింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకను పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో బంధించి ఉంచడం నేరం. 2022లో ఆ చట్టాన్ని సవరించి, 2023 ఏప్రిల్ నుండి అమలులోకి తెచ్చినప్పుడు రామచిలుకను రెండవ షెడ్యూలులో చేర్చారు. మూడేళ్ల వరకు కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. గోరువంక, మైనా, జీనువాయి, పిచ్చుక మొదలైన మన దేశపు అడవిపక్షులన్నింటి విషయంలోనూ బంధించి పెంచుకోవడం కుదరదు. పాలపిట్ట సంగతి మరీ శోచనీయం. 2014లో తెలంగాణ రాష్ట్రపక్షిగా ప్రకటించిన ఆ పక్షిని విజయదశమి నాడు దర్శించడం శుభమన్న విశ్వాసం ఆధారంగా, పండుగకు ముందే దానిని పట్టి, రెక్కలు కట్టి, పంజరంలో పెట్టి తిప్పి దర్శనానికి డబ్బు తీసుకునేవారు బయలుదేరారు. ఆ డబ్బిచ్చేవారు లేకపోతే పట్టేవారు ఉండరు. జమ్మికి వెళ్లేటప్పుడు పొలం గట్టున తీగమీద వాలిన పాలపిట్ట కనబడితే అది దర్శనం. పంజరంలో కనబడితే అది శకునం కాదు, హింసకు సాక్ష్యం.

ఇక్కడ చదువుకున్నవారు ఒక ఆక్షేపణ చేస్తారు. మధుర మీనాక్షి చేతిలో చిలుక లేదా? గోదాదేవి చేతిలో లేదా? వాత్స్యాయనుడు చతుష్షష్టి కళలలో చిలుకలకు, గోరువంకలకు మాటలు నేర్పడాన్ని చేర్చలేదా? మండనమిశ్రుని ఇంటి వాకిట బంధించిన చిలుకలు వేదప్రామాణ్యం గురించి వాదించుకుంటున్నాయని శంకరవిజయం చెప్పలేదా? అన్నీ నిజమే. అమ్మవారి చేతి చిలుక చేతిమీద వాలి ఉంది, పంజరంలో లేదు. శ్రీవిల్లిపుత్తూరులో ఆండాళ్ తల్లి చేతికి అలంకరించే చిలుకను ప్రతిదినం ఆకులతో, దానిమ్మపువ్వు ముక్కుతో కొత్తగా చేస్తారు; ప్రాణమున్న పక్షిని తెచ్చి పెట్టరు. ఇక మండనమిశ్రుని ఇంటి సంగతి. ఆ వర్ణన ఆయన పాండిత్యాన్ని స్తుతించేది. అర్థవాదాన్ని విధిగా తీసుకోరాదన్నది ఆ మహామీమాంసకుని శాస్త్రమే చెప్పే మాట. గ్రంథంలో ఒక ఆచారం వర్ణితమై ఉండడం వేరు, అది విహితం కావడం వేరు. వర్ణితమైనదంతా ఆచరణీయమైతే ద్యూతం కూడా ఆచరణీయం కావాలి.

అయితే పిల్లవాని కోరికను తోసివేయడం పరిష్కారమా అంటే, కాదు. పక్షిపై బాలునికి కలిగే ఆకర్షణ ఉత్తమమైనది. కృష్ణయజుర్వేదంలో తైత్తిరీయశాఖకు పేరే తిత్తిరి పక్షుల వల్ల వచ్చింది. భాగవతాన్ని పరీక్షిత్తుకు వినిపించిన మహర్షి పేరు శుకుడు. ఒకే చెట్టుమీది రెండు పక్షులలో ఒకటి ఫలం తింటూ ఉంటే మరొకటి తినక చూస్తూ ఉంటుందని ముండకోపనిషత్తు చెప్పిన దృష్టాంతం వేదాంతులందరికీ తెలిసినదే. చూడడం నేర్చుకోవడం బాలునికి కావలసిన మొదటి విద్య. ఆ విద్యకు పంజరం అక్కరలేదు.

గృహస్థునికి విహితమైన పంచమహాయజ్ఞాలలో భూతయజ్ఞం ఒకటి. వైశ్వదేవం తరువాత పక్షులకు, క్రిమికీటకాలకు బలి వేయకుండా గృహస్థు భుజించరాదు. ఆ అన్నంలో ఉప్పు కలపరు. ఉప్పు పక్షుల మూత్రపిండాలకు హానికరమని నేటి పశువైద్యులు చెబుతున్నది దానికి అనుకూలంగానే ఉంది. నిత్యవైశ్వదేవం చేసే ఇళ్లు నేడు ఎన్ని మిగిలాయో చెప్పనక్కరలేదు. కాని ఆ బలిభాగాన్ని పిల్లవాని చేత పెట్టించడానికి ఏ ఇంటికీ అడ్డంకి లేదు. వరికోతలప్పుడు గింజ నిండిన కంకులను జడలా అల్లి గుడి ముఖమండపంలో, ఇంటి వసారాలో వేలాడదీసే ఆచారం ఆయకట్టు గ్రామాలలో నిన్నమొన్నటి వరకు ఉండేది. పిచ్చుకలు వచ్చి వాలి ఊగుతూ తినేవి. కోతయంత్రం వచ్చాక కంకి ఇంటికి చేరడం మానేసింది, ధాన్యం నేరుగా మిల్లుకు పోతోంది. యంత్రం రాకముందే మడి మూలన ఒక పిడికెడు కోసి తెచ్చుకోవడం కష్టమేమీ కాదు. ఆ కుచ్చును అల్లడం తాతగారి దగ్గర నేర్చుకున్న పిల్లవానికి అదే తొలి పక్షి.

వేసవిలో నీడపట్టున ఒక మట్టిమూకుడు నీళ్లు. ప్రతిదినం ఉదయం పాత నీరు పారబోసి, మూకుడు కడిగి, కొత్త నీరు పోయాలి. గింజలు పిల్లవాడే వేయాలి. ఏ వేళకు ఏ పక్షి వచ్చింది, ఏది ముందు తాగింది అని ఒక పుస్తకంలో రాసుకోవాలి. ఈ పనిని ఒక మండలకాలం, అంటే 41 దినాలు, తల్లి గుర్తుచేయకుండా పిల్లవాడు చేయగలిగితే అతనికి అధికారం సిద్ధించినట్లే. పదవనాడే మూకుడు ఎండిపోతే ఆ సంగతి పంజరం కొనక ముందే తెలియడం మంచిది. దీనిని పరీక్ష అని పిల్లవానికి చెప్పవలసిన పని లేదు.

మండలం పూర్తయిన తరువాత కూడా ఇంట్లో పక్షి కావాలన్న కోరిక నిలిచి ఉంటే, అప్పుడు మార్గం లేకపోలేదు. అడవినుంచి తెచ్చినది కాక, తరతరాలుగా మనుష్యుల సంరక్షణలోనే పుట్టి పెరిగిన జాతి కావాలి. మన పట్టణాల అంగళ్లలో "లవ్ బర్డ్స్" అని అమ్మే చిన్న పక్షులు చాలావరకు నిజానికి బడ్జెరిగార్లు. వాటి స్వస్థలం ఆస్ట్రేలియా. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికాకు చెందిన వేరే జాతి. అవి కొంచెం కోపిష్ఠి పక్షులు, చిన్నపిల్లల వేలు కొరుకుతాయి. బడ్జెరిగారు మృదుస్వభావి, ఆయుర్దాయం ఇంచుమించు 5 నుండి 10 సంవత్సరాలు. కాకటీల్ కూడా సౌమ్యమైనదే, కాని 15 నుండి 20 ఏళ్లు బ్రతుకుతుంది. ఎనిమిదేళ్ల పిల్లవానికి కాకటీల్ కొనిపెట్టే తండ్రి లెక్క వేసుకోవాలి. పదో తరగతి కాగానే పిల్లవాడు హైదరాబాదులోనో, విజయవాడలోనో హాస్టల్లో చేరతాడు. పక్షి ఇంట్లోనే ఉంటుంది. దానిని చూసేది నాయనమ్మ. ఆమె అంగీకారం ఎవరైనా అడిగారా? పెద్ద విదేశీ చిలుకల జోలికి తొలిసారి పోకపోవడమే వివేకం. వాటిలో కొన్ని 40 ఏళ్లకు మించి జీవిస్తాయి. అనేక జాతులకు 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు కూడా చేయించాలి.

కాబట్టి తొలిసారికి బడ్జెరిగార్లు, అవీ రెండు. ఒంటరి పక్షి త్వరగా మచ్చికవుతుందని అమ్మేవాడు చెబుతాడు. అది అబద్ధం కాదు, అర్ధసత్యం. గుంపుగా జీవించే జాతికి ఏకాంతం సన్యాసం కాదు, శిక్ష. పిల్లలు బడికి, పెద్దలు పొలానికి పోయాక ఆ ఒంటరి పక్షి ఎవరితో మాట్లాడాలి? రెండూ మగవైతే సాధారణంగా కలిసిమెలిసి ఉంటాయి. పెరిగిన మగపక్షికి ముక్కు పైభాగం నీలంగా, ఆడదానికి గోధుమవర్ణంగా ఉంటుంది. కొన్ని రంగుల జాతులలో మాత్రం ఈ గుర్తు పనికిరాదు. నుదుటిమీది చారలు ముక్కు వరకు దిగి ఉంటే అది ఇంకా మూడు నాలుగు నెలలు దాటని పిల్ల. ఆడ, మగ జంటనే తెచ్చుకుంటే పంజరంలో కుండ కట్టకూడదు. కుండ కట్టగానే గుడ్లు, గుడ్లు కాగానే పిల్లలు. ఆ పిల్లలను ఎవరికివ్వాలో తెలియక ఇల్లు సంత అవుతుంది.

పంజరం గుండ్రంగా, అందంగా ఉండడం ముఖ్యం కాదు. పక్షి అడ్డంగా ఎగురుతుంది గనుక పొడవు కావాలి. రెండింటికి కనీసం రెండున్నర అడుగులు. ఊచల మధ్య అరంగుళానికి మించి సందు ఉండరాదు. కూర్చోవడానికి నున్నని ప్లాస్టిక్ కర్ర కన్న వేపకొమ్మ, జామకొమ్మ మేలు, ఎగుడుదిగుడు కొమ్మ పాదాలకు ఆరోగ్యం. కొర్రలు, సామలు ప్రధానాహారం; వట్టి గింజలే పెడితే కాలేయం చెడుతుంది కనుక తోటకూర, కొత్తిమీర, మునగాకు నిత్యం ఉండాలి. ఎముకలకు, గుడ్డుపెంకుకు సముద్రఫేనం ఒక ముక్క చాలు. ప్రసాదమే కదా అని పులిహోర, చక్కెరపొంగలి పెట్టరాదు. ప్రసాదం భక్తునికి, గింజ పక్షికి.

భక్తుల ఇళ్లలోనే ఎక్కువగా సంభవించే ప్రమాదం మరొకటి ఉంది. పూజగదికి దగ్గరలో పంజరం పెట్టడం. పక్షి శరీరంలో ఊపిరితిత్తులకు తోడు గాలిసంచులు ఉంటాయి. పీల్చిన గాలి దేహమంతటా సంచరిస్తుంది. కనుక మనిషికి సుగంధమైన సాంబ్రాణి, అగరువత్తి, కర్పూరం దానికి బాధాకరం. దోమలచుట్ట పొగ అంతకన్న చేటు. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే వాయువు ఇంట్లో మనుష్యులకు తెలియకుండానే పక్షిని చంపగలదు. వంటింటికీ, పూజగదికీ దూరంగా, గాలి ఆడే చోట, ఎండ సూటిగా పడని వైపు ఉంచాలి. సూర్యాపేట ప్రాంతపు వైశాఖమాసం ఎండలో రేకుల కప్పు కింద పంజరం వేలాడదీయడం కొలిమిలో పెట్టడమే. ముక్కు తెరిచి, రెక్కలు దేహానికి ఎడంగా పెట్టి ఎగశ్వాస పడుతున్నదంటే అది వడదెబ్బకు పూర్వరూపం. బయటికి వదిలేటప్పుడు సీలింగ్ ఫ్యాను ఆపాలి. దీపావళి రాత్రి పంజరాన్ని లోపలి గదిలోకి మార్చి, పలుచని వస్త్రం కప్పాలి.

ఐదేళ్ల లోపు పిల్లల చేతికి పక్షిని ఇవ్వరాదు. అది పక్షి భయం గురించి చెప్పే మాట మాత్రమే కాదు. మనుష్యులకున్నట్టు పక్షికి ఉదరవితానం లేదు, రొమ్ము ఎముక కదిలితేనే దానికి శ్వాస. ముద్దు వచ్చి గట్టిగా పట్టుకున్న చిన్నారి చేతిలో అది ఊపిరాడక చనిపోతుంది, పిల్లవానికి తాను ఏం చేశాడో కూడా తెలియదు. పంజరం శుభ్రం చేసిన ప్రతిసారి చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఉబ్బసం ఉన్నవారు ఇంట్లో ఉంటే ఈకల ధూళి సంగతి వైద్యుణ్ణి అడిగి నిర్ణయించుకోవాలి. జాతరలలో రంగులద్ది అమ్మే కోడిపిల్లలను మాత్రం ఎన్నడూ కొనరాదు. రెండు మూడు దినాలలో చచ్చిపోయే బొమ్మగా ప్రాణాన్ని చూడడం పిల్లలకు నేర్పే పాఠమది.

రోగాన్ని దాచడం పక్షి స్వభావం. ఈకలు ఉబ్బించుకుని కూర్చోవడం, శ్వాసతో పాటు తోక పైకీ కిందికీ ఆడడం, రెట్ట రంగు మారడం కనబడేసరికి వ్యాధి ముదిరి ఉంటుంది. గ్రామాల పశువైద్యశాలలు ముఖ్యంగా పాడిపశువులకు, గొర్రెలకు ఉద్దేశించినవి. రాజేంద్రనగర్‌లోని పి.వి. నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం వారి కళాశాల ఉన్న హైదరాబాదు సూర్యాపేట నుండే సుమారు 135 కిలోమీటర్ల దూరం. అరచేతిలో పట్టే పక్షి కోసం అంత దూరం పోతారా అన్న ప్రశ్నకు ఇంటి యజమాని ముందుగానే తనలో సమాధానం చెప్పుకోవాలి. ఈ వ్రతానికి కర్త ఆయన, లేదా ఆయన ధర్మపత్ని. బాలుడు సహాయకుడు మాత్రమే. బడి పరీక్షల నాడు గింజలు వేయడం మరిచిన పిల్లవాణ్ణి తిట్టి పక్షిని ఆకలితో ఉంచే తల్లిదండ్రులు అధికారభేదం ఎరుగనివారు.

పుణ్యం కోసం పక్షులను కొని ఎగరవేసే ఆచారం గురించీ ఒక మాట. అడవిపక్షిని డబ్బిచ్చి విడిపిస్తే ఆ డబ్బుతో మరో వల కొంటారు. ఆస్ట్రేలియా జాతి పక్షిని ఏకాదశి నాడు ఆకాశంలోకి వదిలితే సాయంకాలానికి కాకికో డేగకో ఆహారమవుతుంది, కాకపోతే ఆకలితో చస్తుంది. అది మోక్షం ఇవ్వడం కాదు. ఇప్పటికే ఇంట్లో రామచిలుక ఉన్నవారు కూడా భయపడి రాత్రికి రాత్రి తలుపు తీసివేయరాదు. రెక్కలు కత్తిరించిన, చేతితో తిని పెరిగిన చిలుకకు చెట్టుమీద బ్రతకడం తెలియదు. అటవీశాఖ వారికి తెలియజేసి అప్పగిస్తే, పరీక్షించి, తిరిగి ఎగరగలిగే స్థితికి తెచ్చి వదిలే వీలుంటుంది.

చివరకు ఆ చిన్న పక్షులు కూడా పోతాయి. ఐదేళ్లకో, ఎనిమిదేళ్లకో, ఒక ఉదయం పంజరం అడుగున కాళ్లు ముడుచుకుని పడి ఉంటుంది. పిల్లలు లేవకముందే దానిని తీసివేసి, "ఎగిరిపోయింది" అని చెప్పే తల్లిదండ్రులు ఎక్కువ. వెంటనే అంగడికి పోయి అదే రంగుది మరొకటి తెచ్చిపెట్టేవారూ ఉన్నారు. రెండూ తగని పనులే. భాగవతం ఏకాదశస్కంధంలో అవధూత తన ఇరవై నలుగురు గురువులలో ఎనిమిదవదిగా కపోతాన్ని చెప్పుకున్నాడు. వలలో పడిన పిల్లలను చూసి తల్లిపావురం, ఆమెను చూసి మగపావురం తామే పోయి వలలో పడిన ఆ కథ పెద్దలకు ఉద్దేశించినదని అనుకుంటారు. నిజానికి ఇంట్లో ఒక పక్షి పోయిన రోజున పిల్లవాని పక్కన కూర్చుని చెప్పవలసిన కథ అదే. పిల్లవాని చేతనే పెరట్లో తులసికి దూరంగా, మునగచెట్టు మొదట్లో గొయ్యి తీయించి, ఆ పక్షిని వస్త్రంలో చుట్టి ఉంచి, మట్టి కప్పించాలి. ఏడిస్తే ఏడవనివ్వాలి. తరువాత స్నానం చేయించి, వసారాలోని మూకుడులో నీళ్లు పోయమని చెప్పాలి. మిగిలిన రెండవ పక్షికి కూడా ఆ పూట ఆకుకూర పెట్టవలసి ఉంటుంది.